ఇసుక సముద్రం మీదుగా

ఆఫ్రికా ఖండపు నైరుతి తీరంలో నమీబియా అనే దేశం ఉంది. మన ఉభయ తెలుగు రాష్ట్రాల వైశాల్యానికి అది మూడు రెట్లు. జనాభా మాత్రం 2023 లెక్కల ప్రకారం 30 లక్షలే. జోహానెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దసరా సెలవులలో నన్ను ఆ దేశానికి తీసుకొని వెళ్లింది. అట్లాంటిక్ ఒడ్డున ఉన్న స్వాకొప్‌ముండ్ పట్టణంలో మాకు ఒక దినం విశ్రాంతి. ఉదయమంతా మా ఇష్టం. మధ్యాహ్నం చిన్న విమానంలో నమీబ్ ఎడారి మీదుగా విహారం.

తెల్లవారి తలుపు తీస్తే వీధి కనబడలేదు. దట్టమైన పొగమంచు! ఎడారిలో మంచేమిటని ఆశ్చర్యం కలిగింది. దక్షిణం నుండి వచ్చే బెంగ్వేలా అనే శీతల ప్రవాహం ఆ తీరం వెంట సాగుతుంది. సముద్రం మీది తేమగాలి దాని చల్లదనానికి మంచుగా మారుతుందే తప్ప వర్షించదు. కరవు సీమగా పేరుపడ్డ అనంతపురంలో సైతం ఏటా 500 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. ఇక్కడ 20 మిల్లీమీటర్లు కురవడం కూడా అరుదు. ఈ ఎడారిలో ఒక నల్లని పురుగు వేకువనే తిన్నె శిఖరానికి ఎక్కి, తల కిందికి వంచి నిలబడుతుందట. వీపు మీద చేరిన మంచుబిందువులు జారి నోటిలో పడతాయి. చాతకాన్ని అంతగా వర్ణించిన మన కవులు దీనిని చూసి ఉంటే ఊరుకొనేవారు కారు.

పట్టణం చూడ ముచ్చటగా ఉంది. 1884 నుండి 1915 వరకు ఆ దేశం జర్మన్ల ఏలుబడిలో ఉండడం వలన భవనాలన్నీ జర్మన్ వాస్తురీతిలోనే ఉన్నాయి. నడుచుకుంటూ ఊరి అంచున ఉన్న శ్మశానం దాకా వెళ్లాం. ఒక వైపు చెక్కిన పేర్లతో పాలరాతి సమాధులు. మరొక వైపు ఎడారిలో కలిసిపోయినట్లున్న చిన్న చిన్న ఇసుక గుట్టలు, వరుసలు వరుసలుగా.

"వీటి మీద పేర్లు లేవేమమ్మా?" అన్నది అమ్మాయి.

1904-1908 మధ్య జర్మన్ సేనలు హెరేరో, నామా జాతులను ఊచకోత కోశాయి. మిగిలిన వారిని నిర్బంధ శిబిరాలలో ఉంచి చాకిరీ చేయించారు. అటువంటి శిబిరం ఒకటి ఈ ఊరిలోనే ఉండేది. ఆకలితో, చలితో, రోగాలతో మరణించిన వారి గుట్టలవి. అది జాతి నిర్మూలనమేనని జర్మనీ ప్రభుత్వం 2021లో అంగీకరించింది. పేర్లు మాత్రం ఎవరు చెప్పగలరు?

మధ్యాహ్నానికి మంచు విడిపోయింది. విమానం ఎక్కేముందు మా బరువులు తూచారు. పైలట్ కాక అయిదుగురికే చోటు. గాలిలోకి లేచి ఊరి మీదుగా తిరిగినప్పుడు నేను ఆ శ్మశానం కోసం వెదికాను. చెట్లూ, పాలరాళ్లూ గుర్తుపట్టగలిగాను. గుట్టలు మాత్రం ఇసుకలో ఇసుకగా ఉన్నాయి.

కొంతసేపటికి కుయిసెబ్ నది వచ్చింది. నది అంటే నీరు కాదు. పచ్చని చెట్ల సన్నని గీత. ఏడాదిలో కొద్ది రోజులే పారే ఆ నదికి ఉత్తరాన బూడిద రంగు గులకరాళ్ల మైదానం, దక్షిణాన అంతులేని ఎర్రని తిన్నెలు. గాలి ఇసుకను ఉత్తరానికి నెడుతూనే ఉంటుంది. అడపాదడపా వచ్చే వరద దానిని ఊడ్చుకొనిపోతుంది. నేల మీద ఎన్నాళ్లు తిరిగినా ఈ పోరాటం నాకు బోధపడేది కాదు. ఆ గీత వెంబడి అక్కడక్కడా గుడిసెలు, మేకల మందలు. అక్కడి టోప్‌నార్ ప్రజలు నారా అనే ముళ్ల కాయను తరతరాలుగా ఆహారంగా వాడుకొంటున్నారు. కాళిదాసు మేఘసందేశంలో మేఘం ఆకాశాన సాగుతుంటే పల్లెపడుచులు పంటలిచ్చే వాడవని ఆశతో తల ఎత్తి చూస్తారు. మందల పక్క నిలిచిన మనిషి మా వైపు చూశాడో లేదో! మా వద్ద వాన లేదు కదా.

అక్కడి నుండి సొస్సుస్‌వ్లై వరకు తిన్నెలే తిన్నెలు. కొన్ని 300 మీటర్లకు మించిన ఎత్తు. ఇసుకలోని ఇనుము తుప్పు పట్టడం వల్ల ఆ ఎరుపు వచ్చింది. ఎక్కడో ఖండాంతర్భాగంలో పుట్టిన ఇసుకను నదులు సముద్రానికి చేర్చగా, ప్రవాహం ఉత్తరానికి మోసి, గాలి మళ్లీ నేల మీదికి విసిరిందట. తిన్నెల నడుమ తెల్లని మడుగులో కొన్ని వందల ఏళ్ల కిందట ఎండిన చెట్లు నల్లగా నిలబడి ఉన్నాయి. కుళ్లడానికైనా తేమ కావాలి.

తిరుగుప్రయాణంలో తీరాన్ని పట్టుకొన్నాం. తీరానికి దాదాపు 400 మీటర్ల లోపల, ఇసుకలో సగం కూరుకొని ఒక ఓడ! 1909 సెప్టెంబరులో పొగమంచులో దారి తెలియక ఒడ్డెక్కిన ఎడువర్డ్ బోలెన్ అది.

"ఇంత లోపలికి ఎలా వచ్చిందండీ?" అని అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది.

"ఓడ రాలేదు, సముద్రమే వెనక్కి జరిగింది" అన్నాడు పైలట్.

దాని చుట్టూ ఒకసారి తిప్పి, ఉత్తరానికి మళ్లించాడు. వాల్విస్ బే ఉప్పుమడులు గులాబీ రంగులో మెరిశాయి. పశ్చిమాన సముద్రం మీద మళ్లీ తెల్లని పొర లేస్తున్నది. అది ఒడ్డు చేరకముందే దిగాలని పైలట్ వేగం పెంచాడు.