తమవారికై చెప్పుకొన్న కథలు

విదేశమునకు బోవు విద్యార్థికి హితవు చెప్పువారికి మన యూళ్ళలో ఎన్నడును కొదువ లేదు. టోక్యో విశ్వవిద్యాలయమందు, హోంగో ప్రాంగణములోని యొక భౌతికశాస్త్ర ప్రయోగశాలలో నాకు ఇంటర్న్‌షిప్ లభించినదని తెలిసిన నాటినుండి, ఆవకాయ నూనె కారకుండ ఎట్లు మూటగట్టవలెనో కొందఱును, మన 230 వోల్టుల కుక్కరు అచటి 100 వోల్టుల విద్యుత్తుతో సరిగా ఉడికింపదని మఱికొందఱును శ్రద్ధతో చెప్పిరి. కాని అచటి మనుష్యులెట్టివారని అడిగినపుడు మాత్రము, క్రమశిక్షణ గలవారను నొక్క మాటకు మించి ఎవరును చెప్పజాలకపోయిరి. అందుచేత పుస్తకములను, చలనచిత్రములను ఆశ్రయించితిని.

మొదట చేతబట్టినది రూత్ బెనెడిక్ట్ అను అమెరికను మానవశాస్త్రజ్ఞురాలు 1946లో ప్రకటించిన ‘ది క్రిసాంథెమమ్ అండ్ ది స్వోర్డ్’. ద్వితీయ ప్రపంచయుద్ధ కాలమున, శత్రువు మనస్సెట్టిదో తెలిసికొనవలెనని అమెరికా ప్రభుత్వము కోరగా సాగిన పరిశోధనకు ఫలమది. ఆమె జపానులో అడుగైనను పెట్టినది కాదు; అమెరికాలోని జపానీయులతో మాటలాడి, జపాను పుస్తకములు చదివి, చలనచిత్రములు చూచి, ఋణభావమును గూర్చియు లజ్జను గూర్చియు సిద్ధాంతములు చేసినది. నేను చేయబూనినదియు నదియే గదా అని మొదట సంతసించితిని; కాని చదివినకొలదిని, అందలి మనుష్యులు సూత్రములకు దృష్టాంతములుగ నిలుచువారే గాని, సూత్రమును మఱచి ఒక్క పూటయైనను బ్రదుకువారు కారని తోచినది. పరులకు తెలియజెప్పుటకై వ్రాసిన గ్రంథమునకు ఈ పరిమితి సహజము.

యసుజిరో ఒజు దర్శకత్వమున 1953లో వెలువడిన ‘టోక్యో స్టోరీ’ ఎవరికిని ఏమియు వివరింపదు. ఒనొమిచి అను తీరపట్టణమునుండి వృద్ధదంపతులు బిడ్డలను చూడ టోక్యోకు వత్తురు. వైద్యుడైన కుమారునకును, కేశాలంకరణశాల నడపు కుమార్తెకును తీరిక యుండదు. ముసలివారిని అతామీ వేడినీటి బుగ్గలకు పంపివేయుదురు. యుద్ధమునకు బలియైన మఱియొక కుమారుని భార్య యొక్కతెయే కొలువునకు సెలవు పెట్టి, వారిని వెంటబెట్టుకొని నగరము చూపును. ప్రేమ యెవరిదో, మొగమాటమెవరిదో ఈ చిత్రమున మాటలను బట్టి గాక, ఎవరు తమ కాలమును విడిచియిచ్చిరో దానిని బట్టియే తెలియును. ప్రయోగశాలలో చేరిన పిమ్మట ఈ కొలమానమే నాకు అక్కఱకు వచ్చినది. అందఱును సమముగనే వంగి నమస్కరించు ఆ చోట, తన పని ఆపుకొని, చివరి రైలు వేళవఱకు నాతో కూర్చుండి లేసరు కిరణమును సరిదిద్దించిన పైతరగతి విద్యార్థి యెట్టివాడో గుర్తించుటకు నాకెవరి వ్యాఖ్యానమును అవసరము కాలేదు.

నత్సుమె సోసెకి 1908లో వ్రాసిన ‘సన్షిరో’, కుమమొతోలో చదువుకొని విశ్వవిద్యాలయమునకై టోక్యో రైలెక్కిన యువకుని కథ. ట్రాముల గంటలు విని అతడు దిగ్భ్రమ చెందును. నేలమాళిగలో కాంతిపీడనమును కొలుచు నొనొమియ అను శాస్త్రజ్ఞుని చూచి, ఈ పనికి లోకముతో నేమి సంబంధమో తెలియక విస్తుపోవును. సోసెకి శిష్యుడును భౌతికశాస్త్రవేత్తయు నగు తెరదా తొరహికో ఈ పాత్రకు మూలమందురు. హోంగో ప్రాంగణమందలి కొలనును నేటికిని సన్షిరో కొలననియే పిలుతురు. ఆ గట్టున మధ్యాహ్నభోజనము చేయునపుడెల్ల, జపాను బాలునకే టోక్యో పరదేశమైనపుడు, పల్లెనుండి హైదరాబాదునకు చదువుకై వచ్చిన నాకు ఈ దిగ్భ్రమ క్రొత్తది కాదనియు, దేశమునకును దేశమునకును గల దూరముకంటె ఊరికిని నగరమునకును గల దూరమే పెద్దదనియు, దానిని నేను మునుపే దాటియుంటిననియు తోచును.

టికెట్టు యంత్రమును వాడుట, చెప్పులు విడువవలసిన తావు తెలియుట ఈ కృతులు నేర్పలేదు. అవి కొలది నాళ్ళలో చూచి నేర్చుకొనదగినవి. ఇటీవల హైదరాబాదులో నొక సదస్సునకు పోనున్న జపాను మిత్రుడు, తానేమి చదువవలెనని నన్నడిగెను. పర్యాటకులకొఱకు వ్రాసిన పుస్తకములు అతనికడ కావలసినన్ని యున్నవి. ‘సన్షిరో’ పుట్టిన మఱుసటి యేడు, 1909లో, మలికూర్పుగ వెలువడిన గురజాడవారి ‘కన్యాశుల్కము’ ఆంగ్లానువాదమును నేనతని చేతికిచ్చితిని. చదివి ముగించి, గిరీశము వంటివాడు తమ ప్రయోగశాలలోనే యొకడున్నాడని నవ్వుచు చెప్పి, హైదరాబాదులో నెందఱున్నారని ప్రశ్నించెను. ఆ ప్రశ్నతో బయలుదేరువానికి వేఱు సన్నాహమక్కఱ లేదంటిని.