జారని జార్‌ కారు!

రష్యా చక్రవర్తి రెండో నికోలస్‌కి కార్లంటే మహా మోజు. ఏం లాభం? చలికాలం వస్తే దారులన్నీ మంచే. ఆ చిక్కు తీర్చే పని రాజుగారి గ్యారేజీలోని ఫ్రెంచి ఇంజినీరు అడాల్ఫ్‌ కెగ్రెస్‌ మీద పడింది. ఆయన వెనక చక్రాల స్థానంలో రబ్బరు బెల్టులు బిగించాడు. ముందు చక్రాలకు స్కీలు తగిలించాడు. బరువు బెల్టు పొడవునా పరచుకోవడంతో కారు మంచులో దిగబడకుండా సాగిపోయింది. సగం చక్రాలు, సగం బెల్టులతో నడిచే ఇలాంటి బండినే 'హాఫ్‌ట్రాక్‌' అంటారు.

1917లో విప్లవం వచ్చింది. రాజ్యం పోయింది. కెగ్రెస్‌ స్వదేశం చేరాడు. ఆయన బెల్టులు మాత్రం రష్యాలోనే ఉండిపోయాయి. వాటిని తొడిగిన రోల్స్‌రాయిస్‌లో తర్వాత తిరిగిందెవరో తెలుసా? విప్లవ నాయకుడు లెనిన్‌!

ఫ్రాన్స్‌లో కెగ్రెస్‌కి కార్ల తయారీదారు ఆంద్రె సిట్రోయెన్‌ తోడయ్యాడు. 1922 డిసెంబరులో అయిదు హాఫ్‌ట్రాక్‌లు అల్జీరియాలోని టుగ్గుర్ట్‌ నుంచి బయల్దేరాయి. మూడు వారాల్లో సహారా ఎడారిని దాటి టింబక్టు చేరాయి. మంచు కోసం పుట్టిన బెల్టు ఇసుకనూ గెలిచింది!

సైన్యాలకు కావాల్సిందీ అదే. మొదటి ప్రపంచయుద్ధంలో గుంతలు పడిన నేలమీద లారీలు బురదలో కూరుకుపోయేవి. ట్యాంకులేమో నత్తనడక, పైగా ఖరీదు. హాఫ్‌ట్రాక్‌ అయితే లారీలాగే స్టీరింగు తిప్పితే చాలు, పొలాలకు అడ్డంపడి కూడా పోతుంది. ఫ్రాన్స్‌ సైన్యం ఫిరంగులు లాగడానికి వాడింది. పోలండ్‌ కూడా కొంది కానీ బెల్టులు తొందరగా అరిగిపోతున్నాయని చాలా బండ్లకు మళ్లీ చక్రాలే తొడిగింది. జర్మనీ ఉక్కు పట్టాలతో సొంత దారి పట్టింది. అమెరికా 1925లో రెండు సిట్రోయెన్‌ బండ్లు కొని పరీక్షించింది. నచ్చిన రబ్బరు బెల్టును వదల్లేదు, లోపల ఉక్కు తీగలతో గట్టిపరిచింది. రెండో ప్రపంచయుద్ధంలో అన్ని రకాలూ కలిపి 50 వేలకు పైగా తయారుచేసింది.

కెగ్రెస్‌ 1943లో కన్నుమూశాడు. అప్పటికి ఫ్రాన్స్‌ జర్మనీ చేతుల్లో ఉంది. మరుసటి ఏడాది నార్మండీ తీరంలో దిగిన అమెరికా సేనల వెంట హాఫ్‌ట్రాక్‌లూ వచ్చాయి. ఒకప్పుడు చక్రవర్తి షికారు కోసం పుట్టిన బెల్టు మామూలు సిపాయిలను మోసుకుంటూ, ఆయన సొంతగడ్డను విడిపించడానికి కదిలింది. అది చూడ్డానికి ఆయన లేడు!