మేకతాడు, లంగరు గొలుసు

రఘునాథపల్లి చుట్టుపక్కల బీళ్ళలో మేకను గుంజకు కట్టేసి పోవటం మీరు చూసే ఉంటారు. సాయంత్రానికల్లా గుంజ చుట్టూ, తాడు పొడుగున, గుండ్రంగా గడ్డి మాయమవుతుంది. ఆ గుండ్రానికి అవతల గడ్డి పచ్చగానే ఉంటుంది.

ఇక రఘునాథపల్లి స్టేషనులో రైలెక్కి, కాజీపేట మీదుగా సముద్రం దాకా మనసులోనే ప్రయాణం చేద్దాం. సముద్రం అడుగున కూడా పచ్చిక బయళ్ళున్నాయంటే నమ్ముతారా? అది నాచు కాదు. వేళ్ళూ, ఆకులూ, పువ్వులూ ఉన్న నిజమైన మొక్క. తమిళనాడు తీరాన పాక్ అఖాతంలో ఇది దట్టంగా పెరుగుతుంది. దీన్ని మేసే పెద్ద జంతువే సముద్రపు ఆవు. దానికోసం 2022 లో అక్కడ 448 చదరపు కిలోమీటర్ల మేర సంరక్షణ ప్రాంతం ఏర్పాటు చేశారు.

విహారపు పడవలు ఎక్కువగా ఆగే దేశాలలో ఈ గడ్డికి ఒక చిక్కు వచ్చింది. పడవను కట్టటానికి అడుగున పెద్ద బరువు వేసి, దానికి ఇనుపగొలుసు తగిలిస్తారు. గాలి ఎటు తిరిగితే పడవ అటు తిరుగుతుంది. వెంట గొలుసు నేలను ఈడ్చుకుంటూ పోతుంది. మేక గడ్డిని కొరికి వదిలేస్తుంది గనక అది మళ్ళీ చిగురిస్తుంది. గొలుసు వేళ్ళతో సహా పెకలిస్తుంది! మధ్యధరా సముద్రంలోని పొసిడోనియా అనే గడ్డి ఏడాదికి కొద్ది సెంటీమీటర్లే పాకుతుంది. అయిదేసి అనుకున్నా, అయిదు మీటర్లు పాకటానికి ఎన్నేళ్ళో మీరే లెక్క కట్టండి. నూరేళ్ళు!

అమెరికాలో ఫ్లోరిడా తీరాన పగడపు దిబ్బలకూ లంగర్ల దెబ్బ తగులుతూండేది. 1981 లో జాన్ హేలస్ అనే ఆయన కీ లార్గో దగ్గర రాతిలో సన్నని బెజ్జం తొలిచి, ఉక్కు కొక్కెం బిగించి, దానికి తేలే బుంగను తాడుతో కట్టాడు. పడవవాళ్ళు లంగరు దించకుండా బుంగకే పడవను కట్టుకోవచ్చు.

ఇసుకలో కొక్కెం నిలవదు కదా? అందుకని బారెడు మరమేకును గజ ఈతగాళ్ళు కిందికి దిగి ఇసుకలోకి తిప్పి దించుతారు. చుట్టూ గడ్డి చెదరదు. గొలుసుకు బదులు సాగే తాడు కడతారు. పోటు వచ్చినప్పుడు సాగుతుంది, పాటు వచ్చినప్పుడు ముడుచుకుంటుంది. కొన్నిటికి తాడు మధ్యలో, చేపలవలకు ఉన్నట్టే, ఒక బెండు కూడా ఉంటుంది. కనక తాడు నేలను తాకనే తాకదు. మేకు ఊడిపోతే పడవ కొట్టుకుపోతుంది గనక ఏటా దిగి చూసుకోవాలి. ఖర్చు కూడా ఎక్కువే.

ఇంగ్లండులో స్టడ్‌లాండ్ అఖాతంలో 2021 లో ఇటువంటివి అమర్చారు. అక్కడి గడ్డిలో నీటిగుర్రాలుంటాయి. అలలకు కొట్టుకుపోకుండా అవి గడ్డిపరకకు తోక చుట్టి నిలబడతాయి. అన్నట్టు, ఈ జాతిలో గుడ్లను పొట్టసంచిలో మోసేది తండ్రి!