పంది గుడ్లు, నా లెక్కలు

అమెరికా వచ్చిన కొత్తలో, ఒక ఉగాది విందులో, "ఏం చదువుతున్నావు బాబూ?" అని ఒక పెద్దావిడ అడిగితే, ముందూ వెనకా చూసుకోకుండా "పంది గుడ్ల మీద పరిశోధనండీ" అనేశాను. ఆవిడ చేతిలో పులిహోర గరిటె అలాగే ఆగిపోయింది. "పంది గుడ్లు పెడుతుందా నాయనా?" అన్నారు. పెట్టదనీ, అన్ని క్షీరదాల్లాగే దానికీ లోపల అండాలుంటాయనీ, వాటిని బయట గాజుపళ్ళెంలో ఫలదీకరింపజేయడం మా పని అనీ వివరించేలోగా ఆవిడ పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎవరడిగినా "బయాలజీ" అని ఊరుకునేవాణ్ణి. అండం అనే చక్కని మాట ఉండగా గుడ్డు అనడం నా తప్పే.

తిరుపతిలో పశువైద్యం చదివి, 2003లో మిడ్‌వెస్ట్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో చేరాను. మొక్కజొన్న చేలు, పందుల కొట్టాలు తప్ప ఇంకేమీ కనబడని ప్రాంతం. వారానికి రెండుసార్లు తెల్లవారుజామున కబేళాకి వెళ్ళడం నా వంతు. ఆరు నెలల వయసు ఆడపందుల అండాశయాలు అక్కడ ఊరికే దొరికేవి. చూడడానికి గింజలు ఉబికిన మల్బరీ పండులా ఉంటాయి. వాటిని గోరువెచ్చని ఉప్పునీళ్ళున్న ఫ్లాస్కులో వేసుకుని, చల్లారకుండా పరుగున ప్రయోగశాలకి తేవాలి. పంది అండానికి చలి పడదు. 15 డిగ్రీలకు దిగితే చాలు, లోపల నిర్మాణం దెబ్బ తింటుంది. మంచు కురిసే జనవరిలో నేను ఆ ఫ్లాస్కును కోటు లోపల పెట్టుకుని కారు నడిపిన రోజులున్నాయి.

అండాశయం మీది బుడగల్లోంచి సిరంజితో ద్రవం లాగి, సూక్ష్మదర్శిని కింద వెతికితే అండాలు కనబడతాయి. ఒక్కొక్కటీ మిల్లీమీటరులో పదోవంతుకు కాస్త ఎక్కువ. ఇవి ఇంకా పచ్చివి. ఆవు అండం ఇంకుబేటర్లో 24 గంటల్లో పక్వమవుతుంది. పంది అండానికి 44 గంటలు పడుతుంది. రెండు రాత్రులు కాపలా కాశాక, ఒక్కో నూనె కప్పిన బొట్టులో 30 అండాల చొప్పున పెట్టి, శుక్రకణాలను వదలాలి. ఆ ద్రవంలో కెఫీన్ కలుపుతాం, శుక్రకణాలు చురుకెక్కడానికి. రాత్రంతా కూర్చున్న మేమూ, ఆ శుక్రకణాలూ ఒకే మందు మీద బతికేవాళ్ళం.

రెండు రోజుల తర్వాత చూసి, రెండుగానో నాలుగుగానో విడిన అండాలను లెక్కపెట్టి పుస్తకంలో రాసేవాణ్ణి. 2005 వేసవిలో నూటికి డెబ్బై దాకా విడుతూ వచ్చాయి. మా ప్రొఫెసరు ముఖం వెలిగిపోయింది. జనవరి సదస్సుకి ఒక సారాంశం పంపుదామన్నారు. నేను ఇంటికి ఫోన్ చేసి నాన్నగారికి కూడా చెప్పాను.

మా ప్రయోగశాలలో జపాన్ నుంచి వచ్చిన ఒక పరిశోధకుడు ఉండేవాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. ఒక సాయంత్రం నా లెక్కల పుస్తకం తిరగేసి, "రంగు వేసి చూశావా?" అన్నాడు. అంతే.

వేయలేదు. పంది అండం నిండా కొవ్వు. వెలుతురు పెట్టి చూస్తే నల్లగా, బొగ్గుముక్కలా కనబడుతుంది. లోపల ఎన్ని శుక్రకణాలు దూరాయో బతికున్న అండంలో తెలియదు. తెలుసుకోవాలంటే ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌లో రెండు రోజులు ఉంచి, కొవ్వు పోగొట్టి, రంగు పట్టించాలి. అంటే దాన్ని చంపాలి. అండాన్ని అతివేగంగా గిరగిర తిప్పి కొవ్వును ఒక పక్కకి నెట్టే ఉపాయం ఒకటుంది గానీ, నాకు అంత ఓపిక లేకపోయింది. నిజం చెప్పాలంటే, లెక్క బాగుంది కదా అని నేను దాని జోలికి పోలేదు.

ఆ వారం 30 అండాలను బలిపెట్టి రంగు వేశాను. 24 అండాల్లోకి శుక్రకణం వెళ్ళింది. ఒకే ఒక్కటి వెళ్ళినవి తొమ్మిది. మిగిలినవాటిలో రెండు, మూడు, ఒకదాంట్లో ఏడు. సూక్ష్మదర్శిని మీద తల ఆనించి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

దీన్ని పాలీస్పెర్మీ అంటారు. తెలుగులో బహుశుక్రప్రవేశం అనుకుంటున్నాను. ఇంతకన్నా తేలికైన మాట ఎవరికైనా తోస్తే చెప్పండి. మిగతా జంతువుల్లో ఫలదీకరణం జరగడం లేదని బాధపడతారు. పందిలో మా బాధ, అది మరీ ఎక్కువగా జరగడం. మొదటి శుక్రకణం చేరగానే అండం తన పొర కింద దాచుకున్న సన్నని రేణువులను విడుదల చేసి, చుట్టూ ఉన్న పారదర్శకమైన పొరను బిగించి, తలుపు మూసేస్తుంది. గాజుపళ్ళెంలో పంది అండం ఆ తలుపు మూయడంలో ఆలస్యం చేస్తుంది. పైగా అక్కడ ఒక్కో అండం చుట్టూ వేల శుక్రకణాలు. అలా రెండు మూడు దూరిన అండం కూడా రెండుగా, నాలుగుగా చక్కగా విడుతుంది. వారం రోజుల పిండం దాకా కూడా ఎదగగలదు. అంతేనా, శుక్రకణమే తగలని అండం కూడా ఒక్కోసారి తనంతట తాను విడిపోతుంది. నా డెబ్బైలో వీళ్ళందరూ ఉన్నారు.

ప్రొఫెసరుకి చెప్పాను. ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, "మనం రాసింది విడిన అండాల శాతం. అది అబద్ధం కాదు. ఇది వేరే పత్రానికి పనికొస్తుంది" అన్నారు. చెడ్డవారు కాదు. గ్రాంటు గడువు దగ్గర పడింది, అంతే.

ఆదివారం ఫోన్‌ కార్డు గీకి ఇంటికి చేశాను. నాన్నగారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను. తర్వాత అన్నారు: "మా రిజిస్టరులో గేదెల లెక్క ఎప్పుడూ బ్రహ్మాండంగా ఉండేదిరా. సూది వేసిన ప్రతి గేదెకీ ఒక గీత. అది చూడి కట్టిందా లేదా ఎవడు పోయి చూశాడు? మళ్ళీ ఎదకొస్తే రైతు వచ్చి తిట్టి పోయేవాడు. ఆ తిట్లు రిజిస్టరులో రాసేవాళ్ళం కాదు."

"డాక్టరుగారికి చెప్పలేదా?"

"చెప్పడమేమిటి? ఆ గీతలు గీసింది నేనే."

ఆయన ఆ మాట అంతకుముందు ఎవరితోనూ అని ఉండరు. నాకేమనాలో తోచేలోగా కార్డులో నిమిషాలు అయిపోయాయి.

మర్నాడు ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళి, రెండో వరుస కూడా పట్టికలో ఉంటేనే నా పేరు ఉంచమన్నాను. కాళ్ళు వణికాయి. వీసా ఆయన చేతిలో ఉన్నవాడికి అది చిన్న మాట కాదు. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. చివరికి రెండు వరుసలూ వెళ్ళాయి. సదస్సులో మా పోస్టరు ఒక మూల స్తంభం పక్కన పడింది. పెద్దగా ఎవరూ ఆగలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆ రెండో వరుసతోనే గడిచాయి. శుక్రకణాలు పలచన చేస్తే బహుప్రవేశం తగ్గుతుంది, కానీ అసలు ప్రవేశమే లేని అండాలు పెరుగుతాయి. ఒక మగపందికి కుదిరిన కొలత ఇంకో మగపందికి కుదరదు. శుక్రకణాల మధ్య అండాలను గంటల తరబడి కాక పది నిమిషాలే ఉంచి, తీసి శుభ్రమైన బొట్టులోకి మార్చే పద్ధతి కొంత పనిచేసింది. ఆడపంది ఒంట్లో ఈ గొడవ చాలా తక్కువ. కృత్రిమ గర్భధారణకి ఒక మోతాదులో 200 నుంచి 300 కోట్ల శుక్రకణాలు పోస్తారు. దారిలో అండవాహిక మొదట్లోనే చాలావరకు ఆగిపోయి, అండం దాకా బహు కొద్ది మాత్రమే చేరతాయి. అండవాహికలోని ద్రవం అండం పొరను ముందే గట్టిపరుస్తుందని 2008లో స్పెయిన్‌లోని ముర్సియా శాస్త్రవేత్తలు చూపించారు. అప్పటికి నా డిగ్రీ చేతికొచ్చేసింది. ఆ పత్రం చదివి, సంతోషమూ అసూయా సమంగా అనుభవించాను.

సమస్య ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. 2022 జనవరిలో మేరీలాండ్‌లో ఒక మనిషికి అమర్చిన గుండె జన్యువులు మార్చిన పందిది. ఆ పందిని క్లోనింగ్‌తో పుట్టించారు. క్లోనింగ్‌కీ పంది అండమే కావాలి గానీ శుక్రకణంతో పని లేదు. మా తలుపు గొడవని వాళ్ళు తెలివిగా దాటేశారు.

నా సంగతికొస్తే, 2007 వసంతంలో ఎంపిక చేసిన పిండాలను ఒక ఆడపంది గర్భంలో పెట్టాం. పందికి మొదట్లో కనీసం నాలుగు పిండాలైనా నిలవకపోతే గర్భం ఆగదు, అందుకని పదుల సంఖ్యలో పెడతారు. 114 రోజులు. ఈనిన రాత్రి కొట్టంలో గడ్డి మీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ గుడ్డతో తుడిచాను. తెల్లవారకుండానే ఇంటికి ఫోన్ చేశాను.

"ఎన్ని?" అన్నారు నాన్నగారు.

"నాలుగు నాన్నా. అన్నీ బతికే ఉన్నాయి."

"నాలుగేనా? మన ఊళ్ళో పంది డజను ఈనుతుంది కదరా," అని నవ్వి, "సరేలే, రాసుకో," అన్నారు.