సియాముకు బయలుదేరి మన దగ్గరికి వచ్చినవారు



అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం తీయండి. పౌలు ఆసియలో వాక్యం చెప్పాలనుకున్నాడు, ఆత్మ వద్దన్నాడు. బితూనియ వైపు తిరిగాడు, అక్కడా దారి మూసుకుంది. చివరికి త్రోయలో ఒక రాత్రి దర్శనంలో మాసిదోనియవాడొకడు కనబడి సాయానికి రమ్మని బతిమాలాడు. మనం మామూలుగా ఆ దర్శనం గురించే ప్రసంగిస్తాం. నాకు మాత్రం మూసుకుపోయిన ఆ రెండు దారుల దగ్గర ఇంకాసేపు ఆగాలనిపిస్తుంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా సంఘాలకు సువార్త వచ్చిన దారి అలాంటిదే.

కెనడా తూర్పు తీరాన నోవా స్కోషియాలో కాన్సో అని చేపల వేట మీద బతికే ఊరు. మన భావనపాడు, కళింగపట్నం లాంటిదనుకోండి, కాకపోతే చలి ఎముకలు కొరికే చోటు. ఆ ఊళ్ళో పుట్టిన హన్నా మరియా నారిస్ అనే యువతి బర్మాకు వెళ్ళి పరిచర్య చేస్తానంది. పంపడానికి మిషను బోర్డు దగ్గర డబ్బు లేదు. ఆమె ఊరూరా తిరిగి ఆడవాళ్ళను కూడగట్టింది. 1870లో కొద్ది నెలల్లోనే ముప్పైకి పైగా స్త్రీల సమాజాలు ఏర్పడ్డాయి. వాటిలో చేరినవాళ్ళు జమీందారిణులు కారు. ఇంటి ఖర్చులో చిల్లర మిగిల్చి తెచ్చిన ఆడవాళ్ళు. ఆ సంవత్సరమే ఆమె ఓడ ఎక్కింది.

1873లో అదే ప్రాంతం నుండి మరో ఏడుగురు బయలుదేరారు. రూఫస్ శాన్‌ఫర్డ్ దంపతులు, జార్జి చర్చిల్, ఆయన భార్య మెటిల్డా, విలియం ఆర్మ్‌స్ట్రాంగ్, మిస్ మరియా ఆర్మ్‌స్ట్రాంగ్, మిస్ ఫ్లోరా ఈటన్. ఆ బృందంలో అకేడియా కాలేజీలో చదువుకున్న పడుచువాళ్ళున్నారు. వాళ్ళు పెట్టుకున్న గురి మన జిల్లా కాదు, అసలు మన దేశమే కాదు. సియాములో, అంటే ఇప్పటి థాయిలాండులో, ఉన్న కరెన్ ప్రజల దగ్గరికని వచ్చారు. తీరా అడవులూ కొండలూ తిరిగి చూస్తే, అనుకున్నంత మంది కరెన్‌లు అక్కడ లేరు.

ఆ స్థితిలో ఇంటికి తిరిగిపోయినా ఎవరూ తప్పు పట్టరు. అయితే అప్పటికే, 1874లో, జాన్ మెక్‌లారిన్ కాకినాడలో పని మొదలుపెట్టి ఉన్నారు. తెలుగువాడైన తామస్ గాబ్రియేలు వేసిన పునాది మీద కట్టిన పని అది. తెలుగు దేశం పెద్దది, మనుషులు చాలరు, రండి అని పిలుపు వెళ్ళింది. 1875లో వాళ్ళు ఇటు తిరిగారు. కరెన్ భాష కోసం పడ్డ శ్రమ పక్కన పెట్టి, మన అ ఆ ఇ ఈ దిద్దుకున్నారు. శాన్‌ఫర్డ్ భీమిలిలో, చర్చిల్ దంపతులు బొబ్బిలిలో, ఆర్మ్‌స్ట్రాంగ్ చికాకోలులో, అంటే మన శ్రీకాకుళంలో, పని చేశారు. నారిస్ అప్పటికి ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పెళ్ళాడింది.

(వీళ్ళకు ముందు 1836లో శామ్యూల్ డే కూడా చికాకోలు వచ్చి కొన్ని నెలలుండి మద్రాసు వెళ్ళిపోయారు. 1840లో నెల్లూరు చేరారు. ఆ ఊరు ఆయన పేరుతో చరిత్రకెక్కింది, మన ఊరు ఒక వాక్యంలో మిగిలింది. సరే.)

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 1880లలో ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు మళ్ళీ బర్మా వెళ్ళారు. ఈసారి అక్కడి తెలుగువాళ్ళ, తమిళుల మధ్య పని చేశారు. ఆ తెలుగువాళ్ళెవరు? కళింగపట్నంలో, భీమిలిలో ఓడలెక్కి రంగం పోయిన మన కూలి జనమే. మా నాయనమ్మ ఇప్పటికీ ఉంటే రంగూను అనేది కాదు, రంగం అనే అనేది. చికాకోలులో నేర్చుకున్న తెలుగు, ఊరు విడిచిపోయిన మన జనానికి అక్కడ పనికొచ్చింది. దేవుడు పొదుపరి. ఏదీ పారేయడు.

ఈ చరిత్రంతా ఇప్పుడెందుకంటే, మన సంఘంలో నర్సింగు చదువుతున్న అమ్మాయి సంగతి మీకు తెలుసు. వాళ్ళ కాలేజీలోని క్రైస్తవ విద్యార్థుల బృందం పది రోజుల సేవకు శ్రీలంక వెళ్తోందనీ, తనకు నలభై వేలు కావాలనీ వచ్చి అడిగింది. వాళ్ళమ్మ పలాసలో జీడిపప్పు బట్టీలో పొట్టు తీసే పనికి పోతుంది. నాన్న లేడు. ఉద్దానంలో చాలా ఇళ్ళ నుండి మగాళ్ళను తీసుకుపోయిన ఆ కిడ్నీ జబ్బే ఆయన్నీ తీసుకుపోయింది.

సంఘ పెద్దల్లో ఒకాయన మొహమాటం లేకుండా అన్నాడు: "అయ్యగారూ, మన గుడి రేకులు కారతన్నాయి. ఈ పిల్లని ఇమానం ఎక్కించడానికి సందాలెత్తాలా? పది రోజుల్లో ఆలేటి సేసేస్తారు?"

ఆయన మాటలో న్యాయముంది. ఇలాంటి యాత్రలు నేనూ చూశాను. విమానాల్లో వస్తారు, ఒక బడి గోడకు రంగు వేస్తారు, పిల్లలను ఎత్తుకుని ఫోటోలు దిగుతారు, వెళ్ళిపోతారు. గోడకు రంగు వేయడానికి సముద్రం దాటనక్కరలేదు. ఆ పని మన ఊరి పెయింటరుకు ఇస్తే వాళ్ళింట్లో నాలుగు రోజులు పొయ్యి వెలుగుతుంది. అలాంటి యాత్రకు మన జీడి కార్మికురాళ్ళ కానుక ఒక్క రూపాయి కూడా పోకూడదని ఇప్పటికీ నా అభిప్రాయం.

అందుకే ఆ అమ్మాయిని ఒక్కటే అడిగాను. "అమ్మా, వాళ్ళు పిలిచారా, మీరే వెళ్తున్నారా?"

ఫోను తీసి అక్కడి చిన్న సంఘం రాసిన ఉత్తరం చూపించింది. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో, అనురాధపురం చుట్టుపక్కల, వరి పండించే రైతులకు మన ఉద్దానంలో లాంటి జబ్బే ఉంది. 1990ల నుండి అక్కడ బయటపడుతూ వచ్చింది. షుగరు లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీలు పోతాయి. అసలు కారణం అక్కడా ఖాయంగా తేలలేదు, ఇక్కడా తేలలేదు. ఈ జబ్బును ఇంట్లో చూసిన నర్సింగు పిల్లలెవరైనా ఉంటే వాళ్ళను తప్పక పంపండి అని ఆ ఉత్తరంలో ఉంది.

"నాకు సింహళం రాదు అయ్యగారూ. కానీ డయాలిసిస్ రోజు ఇల్లు ఎలా ఉంటాదో నాకు తెలుసు," అంది.

ఆ ఆదివారం సంఘంలో కాన్సో ఆడవాళ్ళ సంగతి చెప్పాను. ఎవరినీ బలవంతపెట్టలేదు. 11,340 రూపాయలు వచ్చాయి. రేకుల గురించి మాట్లాడిన పెద్దాయన ఐదొందలు వేశాడు. మిగతాది వాళ్ళ కాలేజీ స్నేహితులు, మేనమామ సర్దారు. పలాసలో రైలెక్కి చెన్నై, అక్కడి నుండి కొలంబో.

అక్కడ వాళ్ళకూ ఒక బితూనియ ఎదురైంది. ఆరోగ్య సూత్రాల మీద బొమ్మలతో పెద్ద కార్యక్రమం తయారు చేసుకుని వెళ్ళారట. రెండో రోజే అక్కడి డాక్టరు మెల్లగా చెప్పాడట, ఈ జనం నీళ్ళ గురించి ఉపన్యాసాలు విని విని విసిగిపోయారు, కాస్త ఇళ్ళకు వెళ్ళి కూర్చోండి అని. చార్టులు చుట్టేసి ఇళ్ళకు పోయారు. ఒక ఇంట్లో గుమ్మం పక్కన ప్లాస్టిక్ సీసా ఉంది, దాని మీద పెన్నుతో గీత. మన అమ్మాయి దాన్ని చూడగానే ఏడ్చేసిందట. డయాలిసిస్ మనిషికి రోజంతటికీ అన్నే నీళ్ళు. వాళ్ళ నాన్న సీసాకు గీత గీసింది తనే, ఎనిమిదో తరగతిలో. ఆ ఇంటి ఇల్లాలు ముందు కంగారుపడి, సంగతి తెలిశాక ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరిందట. తర్వాత ఇద్దరూ కలిసి కూర ముక్కలు ఉడకబెట్టి ఆ నీళ్ళు వంచి పారబోసి, ఉప్పు లేకుండా వండారు. ఇద్దరికీ ఆ వంట తెలుసు. మాట అక్కరలేకపోయింది. తక్కిన రోజులు క్లినిక్కులో బీపీలు చూడడం, ముసలివాళ్ళను చెయ్యి పట్టుకుని నడిపించడం, అంతే.

సేవ ఎవరు ఎవరికి చేశారని నన్నడక్కండి. మన పిల్ల తండ్రి పోయాక అంతలా ఏడవడం అదే మొదటిసారని వాళ్ళమ్మ చెప్పింది.

ఇప్పుడు సింహళం అక్షరాలు నేర్చుకుంటోంది. చదువయ్యాక ఉద్దానంలోనే డయాలిసిస్ యూనిట్‌లో పని వెతుక్కుంటానంటోంది, మధ్యలో వీలైతే మళ్ళీ అక్కడికి వెళ్తానంటోంది. రెండూ ఎలా కుదురుతాయో నాకు అంతుపట్టడం లేదు. ప్రార్థన చేయండి. రేకుల కోసం కూడా చేయండి, వానలు దగ్గరపడ్డాయి.

గత బుధవారం స్త్రీల కూటంలో ఆ శ్రీలంక ఇల్లాలు పంపిన వాయిస్ మెసేజ్ వినిపించింది. రెండు నిమిషాలుంది. మన ఆడవాళ్ళు అందరూ ఫోను చుట్టూ మూగి విన్నారు. అర్థమైన మాట ఒక్కటే, డయాలిసిస్. అది వినబడగానే వెనక కూర్చున్న ఒక ముసలమ్మ, "ఆయనకెలా ఉందో అడుగే," అంది.