దుంగ మీద చెయ్యొద్దు

పక్కింటి పెద్దాయన చేత్తో పంపు కొట్టే హైడ్రాలిక్ స్ప్లిటర్‌తో కట్టెలు చీలుస్తుంటే సాయానికి వెళ్లాను. మిషిగన్‌లో చలి మొదలైంది కదా.

దుంగ కదలకుండా పట్టుకోబోయాను.
"చెయ్యి తియ్యి. ఒకరు పట్టుకుని ఇంకొకరు పంపు కొడితేనే వేళ్లు పోయేది" అన్నారు.

ఇంజన్ లేదు, మోత లేదు. పిడి ఆడించేకొద్దీ నూనె ఒత్తిడికి ర్యామ్ అనే కడ్డీ దుంగను మెల్లమెల్లగా ఉక్కు అంచు మీదికి నెడుతుంది. అంత నింపాదిగా కదిలేదాన్ని చూస్తే భయమెయ్యదు. అక్కడే నా గుండె ఝల్లుమంది... ఆ నెట్టేది టన్నుల బలం!

ఒక దుంగ ముడి దగ్గర ఇరుక్కుంది. ఆయన కాలితో తన్నలేదు, సుత్తి తీయలేదు. వాల్వు వదులు చేసి, ర్యామ్ పూర్తిగా వెనక్కి వెళ్లాకే ముట్టుకున్నారు. కళ్లకి రక్షణగా పెట్టుకున్న అద్దాలు మాత్రం చివరిదాకా తీయలేదు.

ఆ ఓపిక చూస్తే దండం పెట్టాలనిపించింది.

మన ఊళ్లలో కట్టెలు కొట్టేవాళ్ల కళ్లకి ఎవరైనా అద్దాలిచ్చారా? మీరు చూశారా, చెప్పండి.