సూర్యాపేట నించి పామీరు కనుమలకు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: ఈ మూడు ఊళ్ళనూ పటంలో గీతలు గీసి కలిపితే ఒక త్రిభుజం వస్తుంది. ఒక్కొక్క భుజం యాభై కిలోమీటర్ల లోపే ఉంటుంది. సూర్యాపేట నించి కోదాడకు జాతీయ రహదారి మీద ఎంతసేపు పడుతుందని ఎవరినడిగినా ఠక్కున చెబుతారు. దూరం తెలిస్తే చాలు, ప్రయాణం సంగతంతా తెలిసినట్టే. దారిలో టీ దొరుకుతుంది, పెట్రోలు దొరుకుతుంది, చక్రం పగిలితే బాగుచేసేవాడు దొరుకుతాడు.

ఇప్పుడు మీరు ఇదే సూర్యాపేటలో ఒక జీపు ఎక్కి, నేపాలు, టిబెట్టు దాటి, మధ్య ఆసియాలోని పామీరు పర్వతాలకు పోవాలనుకున్నారనుకోండి. పామీరును ‘ప్రపంచపు పైకప్పు’ అంటారు. అక్కడ ఎడారి ఉన్నది, అదీ కొండల మీద. ఇసక ఉన్నచోటే మంచు కూడా ఉంటుంది. ఈ ప్రయాణానికి దూరం లెక్క ఒక్కటీ ఏమీ చాలదు. ఎత్తు లెక్క వెయ్యాలి, నీళ్ళ లెక్క వెయ్యాలి, నెలల లెక్క వెయ్యాలి. ఈ లెక్కలన్నీ ఇంటి దగ్గిర మొదలుపెట్టి ముందుకు వేస్తే తప్పుతాయి. అన్నిటికన్నా కష్టమైన చోట మొదలుపెట్టి, వెనక్కి ఇంటికి రావాలి.

ఇది మిర్యాలగూడ రైతుకు కొత్త విషయం కాదు. నాట్లు ఎప్పుడు పడాలో ముందు చూసుకుని, దాన్నిబట్టి నారు ఎప్పుడు పొయ్యాలో వెనక్కి లెక్క కడతాడు. మనమూ అలాగే చేద్దాం.

పామీరు దారికి మంచికాలం జూలై, ఆగస్టు. పామీరుకు ముందు చైనాలోని కాష్గర్ పట్టణం వస్తుంది. అక్కడికి జూన్ నెలాఖరుకు చేరాలి. కాష్గర్ తక్లమకాన్ ఎడారి అంచున ఉన్నది. దానికి ముందు టిబెట్టు. లాసా నగరంలో జూన్ మొదటి భాగంలో ఉండాలి. దానికి ముందు నేపాలు. నేపాలులో వానలు మొదలైతే కొండచరియలు విరిగి రోడ్ల మీద పడతాయి గనక, మే నెల దాటకుండానే ఆ కొండలు దాటెయ్యాలి. ఇక్కడినించి నేపాలు సరిహద్దులో ఉన్న సొనౌలీ సుమారు 1,650 కిలోమీటర్లు. నిదానంగా వెళ్ళినా అయిదు రోజులు. ఈ విధంగా వెనక్కి వస్తే, సూర్యాపేటలో బయలుదేరవలసినది మే రెండో వారంలో అని తేలుతుంది. అంటే కృత్తిక కార్తెలో, రోహిణి ఎండలు ముదరక ముందు. మంచులోకి పోయేవాడు మండుటెండలో బయలుదేరటం విడ్డూరంగానే ఉంటుంది, కాని లెక్క అలా వచ్చింది!

సొనౌలీకి దారి హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, కాశీ, గోరఖ్‌పూరుల మీదుగా. ఇందులో చాలా భాగం మన తెలుగువారికి పాతదారే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరుల మీదుగానే కాశీకి వెళ్ళారు. ఆయన కూడా మే నెలలోనే కదిలారు, చూశారా? వెంట డేరాలూ, బోయీలూ, పెద్ద పరివారమూ ఉన్నాయి. ఆయన ఊరుకోక, ఏ మజిలీలో దిగటానికి చోటున్నదో, ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుందో రాసి పెట్టారు. ‘కాశీయాత్ర చరిత్ర’ అంటే అదే. మీ జీపులో కూడా అలాంటి పుస్తకం ఒకటి ఉండాలి. ఫోనులో పటం ఉన్నది గదా అంటారేమో. పామీరులో మైళ్ళకు మైళ్ళు ఫోను మూగగా ఉంటుంది.

కాట్మండు దాటినాక రసువాగఢీ దగ్గిర ఒక వంతెన ఉండేది. దాన్ని మైత్రీ వంతెన అనేవారు. అవతల ఒడ్డు టిబెట్టు. 2025 జూలై 8న కొండల మీదినించి హఠాత్తుగా వరద వచ్చి ఆ వంతెనను ఊడ్చుకుపోయింది. పదేళ్ళ ముందు, 2015 భూకంపంలో, కోదారి దగ్గిర ఉన్న రెండో దారికి కూడా ఇలాంటి గతే పట్టింది. పటంలో గీత చెరగలేదు, కాని దారి పోయింది. అందుచేత బయలుదేరే ముందు ఏ దారి తెరిచి ఉన్నదో కనుక్కోవటం కూడా ప్రయాణంలో భాగమే.

సరిహద్దు దాటగానే బండి కుడిపక్కకు మారాలి. నేపాలులో మనలాగే ఎడమపక్కన నడుపుతారు, చైనాలో కుడిపక్కన. రవాణా కార్యాలయంలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు ఏడాదిపాటు చాలా దేశాల్లో చెల్లుతుంది గాని, చైనాలో చెల్లదు. అక్కడ తాత్కాలిక లైసెన్సు, బండికి తాత్కాలిక నంబరు పలక, వెంట ఆ దేశపు మార్గదర్శి ఉండి తీరాలి. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ చైనాలోనే అడుగుపెట్టాలి గనక, రెండుసార్లు ప్రవేశించటానికి వీసా అడగాలి. ఇది మరిచిపోతే పామీరులోనే ఉండిపోవలసి వస్తుంది!

ఇక ఎత్తు సంగతి. మన మూడు ఊళ్ళూ సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల లోపే ఉన్నాయి. లాసా 3,650 మీటర్ల ఎత్తున ఉన్నది. లాసా నించి ఉత్తరంగా పోయే రోడ్డు మీద తంగ్గులా కనుమ ఎత్తు 5,231 మీటర్లు. అక్కడ గాలి పీడనం మన ఊళ్ళో ఉండే దానిలో సగానికి కాస్త ఎక్కువ. గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడైనా ఒకటే, కాని గాలే పల్చబడింది గనక ఒక్కొక్క ఊపిరికీ అందేది తక్కువ. ముందు తలనొప్పి వస్తుంది, తరవాత వికారం. రాత్రి నిద్ర పట్టదు. అప్పుడు కూడా లెక్కచెయ్యక పైకి పోతే ఊపిరితిత్తుల్లోకీ, మెదడులోకీ నీరు చేరి మనిషి చనిపోవచ్చు. దీనికి మొదటి మందు కిందికి దిగటమే. దృఢకాయులకు ఇది రాదనుకోకండి. పహిల్వానుకు వచ్చి, పక్కనున్న బక్కవాడికి రాకపోవచ్చు. మూడు వేల మీటర్లు దాటాక, ముందురోజు పడుకున్న చోటికన్న అయిదు వందల మీటర్లకు మించి ఎత్తున పడుకోకూడదని వైద్యులు చెబుతారు. రోడ్డు అన్నిచోట్లా ఈ మాట విననివ్వదు గనక, ఎక్కే ముందు రెండు మూడు రాత్రులు కిందనే ఆగి ఒళ్ళు అలవాటు చేసుకోవాలి. సూర్యాపేటలో రోజుకు ఆరు వందల కిలోమీటర్లు పోయిన బండి, ఇక్కడ రెండు రోజులు కదలకుండా నిలబడితే అది ఆలస్యం కాదు.

ఇంజను కూడా గాలి పీల్చేదే. పల్చని గాలిలో మామూలు ఇంజను బలం మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో ఉన్న బండి అయితే నయం.

మిర్యాలగూడ బియ్యం సంచీ వెంట తీసుకుపోతున్నారా? దాని చుట్టుపక్కల ఉన్నన్ని బియ్యపు మిల్లులు ఒక్కచోట చూడటం అరుదు గనక, తీసుకుపోవటం న్యాయమే. కాని తంగ్గులా కనుమ మీద గిన్నెలో అన్నం వండితే ఉడకదు. ఎందుకంటే, ఎత్తుకు పోయినకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. సుమారు మూడు వందల మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. లాసాలో 88 డిగ్రీలకే మరుగుతాయి, తంగ్గులాలో 83 డిగ్రీల దగ్గిర. ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. నీళ్ళు తెర్లుతూ ఉంటాయి, గింజ మాత్రం పలుకు పట్టే ఉంటుంది. కుక్కరు అయితే ఆవిరిని లోపల బిగించి పీడనం పెంచుతుంది గనక అన్నం అవుతుంది, కాని ఇంట్లో కన్న మరి కాసేపు పొయ్యిమీద ఉంచాలి. లాసాలో ఎన్ని డిగ్రీలో మీరు కూడా భాగించి చూడండి.

కాష్గర్ దాటి కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ పట్టణానికి చేరితే, పామీరు రహదారి అక్కడినించి మొదలవుతుంది. ఓష్ నించి తజికిస్తాన్‌లోని ముర్గాబ్‌కు సుమారు 420 కిలోమీటర్లు. మధ్యలో కరాకుల్ అనే పెద్ద సరస్సూ, 4,655 మీటర్ల అక్‌బైతాల్ కనుమా ఉన్నాయి. పెట్రోలు బంకులను నమ్ముకోవటానికి లేదు. మీ జీపు కోదాడ రోడ్డు మీద లీటరుకు 12 కిలోమీటర్లు పోతుందనుకోండి. రాళ్ళలో, కింది గేరులో, ఎనిమిదే పోతుంది. 420ని 8తో భాగిస్తే 53 లీటర్లు దాకా. దారి తప్పటానికి, వెనక్కి రావటానికి మరో మూడో వంతు కలపాలి. మొత్తం 70 లీటర్లు.

రోడ్డు లేనిచోట నడపటం నేర్చుకోవటానికి అంతదూరం పోనక్కర్లేదు. మిర్యాలగూడ మడుల్లో దమ్ము చేసే ట్రాక్టరుకు వెడల్పాటి ఇనప చక్రాలు వేస్తారు. మామూలు చక్రమైతే బరువంతా కొద్ది జాగా మీద పడి అడుసులో కూరుకుపోతుంది. ఇసకలో కూడా అంతే. అక్కడ టైర్లలో గాలి కొంత తీసేస్తే, టైరు చపటగా పరుచుకుని ఎక్కువ నేలను పట్టుకుంటుంది, బండి పైకి తేలుతుంది. గట్టి రోడ్డు రాగానే మళ్ళీ గాలి కొట్టాలి. అందుకు చిన్న పంపు వెంట ఉండాలి. మూసీ ఇసకలో ఒక పూట సాధన చేస్తే ఇది చేతికి వస్తుంది.

నీళ్ళ సంగతి చివరికి ఉంచటానికి కారణం ఉన్నది. పదమూడు వందల ఏళ్ళకు పైగా అయింది, చైనా దేశపు భిక్షువు హుయాన్ త్సాంగ్ ఇదే ఎడారులూ, ఇవే కొండలూ దాటి మన దేశానికి వచ్చాడు. 629లో ఆయన ఒంటరిగా, ఒక ముసలి గుర్రం మీద గోబీ ఎడారిలో ప్రవేశించాడు. తాగబోతూ ఉండగా నీళ్ళ తిత్తి చెయ్యి జారి, ఉన్న నీళ్ళన్నీ ఇసకలో ఇంకిపోయాయి. ఆయన గుర్రాన్ని వెనక్కి తిప్పి కొంతదూరం పోయాడు. భారతదేశం చేరేదాకా తూర్పుకు ఒక్క అడుగు వెయ్యనని తాను చేసిన శపథం జ్ఞాపకం వచ్చింది. మళ్ళీ పడమటికి తిరిగాడు. నాలుగు రాత్రులు, అయిదు రోజులు ఒక్క చుక్క లేదు. ఆయన సొమ్మసిల్లి పడిపోయాడు. అయిదో రాత్రి చల్లగాలి వీచి కాస్త ప్రాణం వచ్చి లేచాడు. గుర్రం ఆయన చెప్పిన దారిన పోక, ఎంత అదలించినా వినక, తన దారిన పోయింది. అటు పచ్చగడ్డీ, నీటి మడుగూ ఉన్నాయి.

ఆ తరవాత తియాన్‌షాన్ మంచుకొండల్లో ఆయనతో వచ్చిన వాళ్ళలో పదిమందికి ముగ్గురు నలుగురు చలికీ, ఆకలికీ చనిపోయారు. ఆయన మాత్రం బతికి, మన కృష్ణాతీరాన ధాన్యకటకానికి కూడా వచ్చి, అక్కడి పండితుల దగ్గిర చదువుకున్నాడు. అది కోదాడకు ఏమంత దూరం కాదు. తిరిగి పోయేటప్పుడు పామీరు మీదుగానే పోయి 645లో స్వదేశం చేరాడు.

అందుకని, నలుగురు మనుషులకు రోజుకు తలా అయిదు లీటర్లు, మూడు రోజులకు అరవై లీటర్లు నీళ్ళు పెట్టుకోండి. అరవై లీటర్లూ ఒక్క డబ్బాలో పొయ్యవద్దు. ఆరు డబ్బాల్లో పోసి, బండిలో వేరువేరు చోట్ల కట్టండి.

ఇంతదూరం మనవాళ్ళు పోగలరా అని మీ ఇంట్లో ఎవరైనా అంటే, 2018 సంగతి చెప్పండి. ఆ ఏడు హైదరాబాదు నించి నలుగురు స్త్రీలు, జై భారతిగారి నాయకత్వంలో, మోటారు సైకిళ్ళ మీద బయలుదేరి మయన్మారు, థాయిలాండు, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగి వచ్చారు.

పామీరు చూసినాక ఆగస్టు నెల కిర్గిజ్ గడ్డిమైదానాల్లో గడపవచ్చు. అక్కడి పశువుల కాపరులు గుండ్రటి ఉన్ని గుడారాల్లో ఉంటారు, పులిసిన గుర్రప్పాలు ఇస్తారు. సెప్టెంబరులో తిరుగుదారి. నెలాఖరుకు నేపాలులో వానలు తగ్గుతాయి. సద్దుల బతుకమ్మ నాటికి సూర్యాపేటలో ఉండాలని మన లెక్క. బతుకమ్మ ఏటేటా కాస్త ముందు వెనకలవుతుంది గనక, పటాలతో పాటు ఆ ఏటి పంచాంగం కూడా ఒకటి పెట్టుకోవాలి.